భుజం మీది గద్ద

మెర్విన్ క్లింగర్ నోట "నాకు తెలియదు" అన్న మాట విన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆయన భార్య ఎర్లీన్ కూడా వినలేదు. ఆవిడ నలభై నాలుగేళ్ళుగా ఎదురు చూస్తూనే ఉంది.

పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరైన మెర్విన్, పెన్సిల్వేనియాలోని ఆ మూల పాత సైనిక దుస్తులు పోగుచేసేవాళ్ళందరికీ పెద్ద తీర్పరి. ఇంటి నేలమాళిగలో పద్నాలుగు నిలువెత్తు బొమ్మలకు రెండో ప్రపంచ యుద్ధం నాటి కోట్లు, బూట్లు, ఇనుప టోపీలు తొడిగి వరసగా నిలబెట్టాడు. "మా ఇంటి కింద పద్నాలుగు మంది మగాళ్ళున్నారు, ఒక్కడూ చెత్తబుట్ట బయట పెట్టడు" అని ఎర్లీన్ చర్చిలో అందరితో చెప్పుకునేది. ఇంత చేసీ మెర్విన్ సైన్యంలో ఒక్క రోజు పని చేయలేదు. ఆ రోజుల్లో పిలుపు వస్తే వెళ్ళాడు గానీ, అరికాళ్ళు చదునుగా ఉన్నాయని డాక్టరు వెనక్కి పంపించేశాడు. దేశం వద్దన్న కాళ్ళు అవి. అందుకేనేమో, దేశం కావాలనుకున్న మనుషుల బట్టలంటే ఆయనకు అంత మోజు.

గుండీ చూసి ఏడాది చెప్పేవాడు. జిప్పు పళ్ళు చూసి ఏ ఊరి మిల్లో చెప్పేవాడు. అన్నిటికన్నా పెద్ద ఆయుధం చొక్కా జేబులో ఉండేది. బొటనవేలంత దీపం, నొక్కితే ఊదారంగు వెలుగు. నల్ల దీపం అనేవాళ్ళు దాన్ని. యుద్ధకాలం నాటి దారం ఆ వెలుగులో చీకటిగానే ఉండిపోతుంది. తర్వాతి కాలపు దారంలో తెల్లదనం కోసం ఏదో మందు కలుపుతారు కాబట్టి అది తళతళ మెరుస్తుంది. భుజం మీది గుర్తు మెరిసిందా, కొత్తగా కుట్టినదే. దొంగ సరుకే. ముప్పై ఏళ్ళలో మెర్విన్ ఎందరి తాతల కోట్లను ఇలా దొంగ సరుకని తేల్చాడో లెక్క లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు కనిపిస్తే దీపం ఆర్పేసేవాడు.

ఐదేళ్ళ కిందట పోగుచేసేవాళ్ళ సంఘం కార్యదర్శి డ్వైట్ బ్రుబేకర్ వాళ్ళ చిన్నాన్న చొక్కాకూ ఇదే గతి పట్టింది. డ్వైట్ మూడు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆ చొక్కా ఏం చేశాడో మెర్విన్ అడగలేదు.

మే నెల మొదటి శనివారం అగ్నిమాపక కేంద్రంలో ఏటా జరిగే ప్రదర్శన ఆ ఏడు మామూలు ప్రదర్శన కాదు. కౌంటీ గ్రంథాలయంలో ఒక గాజు బీరువా కొత్తగా పెట్టారు. నెలాఖరులో అమరవీరుల దినం నాడు దాని తెర తీస్తారు. లోపల ఒక్క కోటుకే చోటు. ఆ కోటు ఏదో తేల్చమని గ్రంథాలయం వాళ్ళు సంఘాన్ని అడిగారు. సంఘం అంటే మెర్విన్. పోటీకి వచ్చిన కోట్లలో అన్నిటికన్నా చక్కనిది కూడా మెర్విన్‌దే. పందెంలో పరిగెత్తేవాడూ ఆయనే, గీత దగ్గర నిలబడి ఎవరు ముందొచ్చారో చూసేవాడూ ఆయనే. ఇందులో తప్పేముందో సంఘంలో ఎవరికీ తోచలేదు.

అగ్నిమాపక బళ్ళను బయట ఎండలో నిలబెట్టి, లోపల పొడుగాటి బల్లలు వేశారు. నీళ్ళ సీసాలు, పారలు, గ్యాసు ముసుగులు, తుప్పు పట్టిన అన్నం డబ్బాలు. ఒక మూల ఎర్లీన్, చర్చి ఆడవాళ్ళూ పెద్ద గుండిగలో పంది తొడ వేసి బీన్స్ సూప్ కాస్తున్నారు. బళ్ళు తీసినా హాలులో డీజిల్ వాసన పోలేదు. ఆ వాసనను సూప్ వాసన గెలవడానికి పదకొండయింది.

మెర్విన్ కోటు హాలు మధ్యలో బొమ్మ మీద మెరుస్తోంది. నడుము దాకా వచ్చే పొట్టి ఉన్ని కోటు. ఎడమ భుజం మీద డాలు ఆకారపు గుర్తు, అందులో నోరు తెరిచి అరుస్తున్న తెల్ల గద్ద తల. విమానాల్లోంచి దూకిన వీరుల దళం గుర్తు అది. వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగి టోపీ సర్దుకుంటున్నారు.

అప్పుడొచ్చింది విల్మా ట్రెస్లర్. డెబ్బై ఎనిమిదేళ్ళావిడ, పెళ్ళి చేసుకోలేదు, ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఒకప్పుడు ఆదివారం బడిలో మెర్విన్‌కు పాటలు నేర్పింది. చేతిలో కూరగాయల సంచి. అందులోంచి మడతలు పెట్టిన పొట్టి కోటొకటి తీసి బల్ల మీద పరిచింది.

"మా నాన్నది అబ్బాయ్. క్లాయిడ్ ట్రెస్లర్. గాజు బీరువాలో పెడతారట కదా, చూడు."

కోటు రంగు వెలిసి, కాస్త ముడుచుకుపోయి, పన్నెండేళ్ళ పిల్లాడి కోటంత అయింది. భుజం మీద ఎర్రటి చిన్న గుర్తు. ఈ రాష్ట్రం కుర్రాళ్ళ దళానిదే అది. ఇక్కడ ప్రతి రెండో ఇంట్లో ఒకప్పుడు అలాంటిది ఉండేది కాబట్టి, ఎవరికీ దాని మీద మోజు లేదు.

"మీ నాన్నగారు బాగా పొట్టివారా మిస్ విల్మా?" అన్నాడు మెర్విన్.

"ఆరడుగులు. కోటే పొట్టిదైపోయింది. నీ కోటు ఏదీ? అదేనా?" అని ఆవిడ గద్ద కోటు వంక చూసింది. "అబ్బో, ఎంత బావుందో. ఎవరిది పాపం?"

"విమానంలోంచి దూకినవాళ్ళది."

"దళం కాదబ్బాయ్, మనిషి. పేరేమిటి?"

మెర్విన్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. "ఇక్కడ వెలుగు సరిగా లేదు, మీ కోటు ఇలా తీసుకురండి" అన్నాడు.

బల్ల కింద నల్లగుడ్డ కట్టిన పెట్టె ఉంది. దాంట్లోకి కోటు భుజం పెట్టి దీపం నొక్కాడు. చుట్టూ ఐదారుగురు మూగారు. ఎర్ర గుర్తు అంచున కుట్టిన దారం ఒక్కసారి భగ్గుమంది.

"అమ్మో!" అన్నాడు డ్వైట్. "క్రిస్మస్ చెట్టురా ఇది!"

మెర్విన్ దీపం ఆర్పి, అలవాటైన జాలి గొంతు తెచ్చుకున్నాడు. ఆ గొంతంటే సంఘంలో అందరికీ భయం. "మిస్ విల్మా, ఏమీ అనుకోకండి. ఇది ఈ మధ్య కుట్టిన గుర్తు. కోటు పాతదే కావచ్చు. కానీ ఎవరో మీ నాన్నగారికి..."

"ఎవరూ ఏమీ చెయ్యలేదు. నేను ఉతికాను."

"ఏమన్నారు?"

"ఉతికానబ్బాయ్. నాన్న పోయినప్పటి నుంచీ, ఏటా అమరవీరుల దినం ముందు, గంగాళంలో చల్లనీళ్ళు పోసి చేత్తో ఉతుకుతాను. ఊరేగింపులో నేనే దాన్ని పట్టుకుని నడుస్తాను కదా, నువ్వు బాకా ఊదుతూ ముందు పోతావు, వెనక్కి చూస్తేగా! నలభై ఒక్క ఏళ్ళు. సబ్బుపొడి మంచిదే వేస్తాను. డబ్బా మీద రాసుంటుంది, తెలుపు మరింత తెల్లగా అని."

మూగినవాళ్ళంతా మెర్విన్ వంక చూశారు.

తెలుపు మరింత తెల్లగా. దారంలో కలిపే మందే సబ్బుపొడిలోనూ కలుపుతారు. ఈ సంగతి ఆయనకు తెలియక కాదు. ఇరవై ఏళ్ళ కిందటే సంఘం పత్రికలో ఎవరో రాస్తే చదివాడు. చదివి, 'ఇంత విలువైన కోటును బుద్ధున్నవాడు ఎవడు ఉతుకుతాడు' అనుకుని పేజీ తిప్పేశాడు. పోగుచేసేవాడు ఉతకడు. దుమ్ము కూడా చరిత్రే అంటాడు. కానీ కోటు తండ్రిదైతే కూతురు ఉతుకుతుందని, మరకతో ఊరి ముందుకు తీసుకురాదని, ఆ పద్నాలుగు బొమ్మల మధ్య కూర్చున్నవాడికి ఎలా తోస్తుంది?

"ఇంకోసారి చూస్తాను" అన్నాడు.

"చూడు. నేనెక్కడికీ పోను, సూప్ తాగందే" అని విల్మా కుర్చీలో కూర్చుంది. పనేమీ కనపడక మిగతావాళ్ళు ఒక్కొక్కరే జరిగారు.

మెర్విన్ ఈసారి కోటు లోపలి జేబు తిరగేశాడు. సైన్యంలో బట్టలన్నీ ఒకే తొట్టిలో పడతాయి కాబట్టి, ఎవడి బట్ట వాడికి చేరడానికి ప్రతివాడూ లోపల ఒక గుర్తు వేసుకునేవాడు. ఇంటిపేరులో మొదటి అక్షరం, సైనిక సంఖ్యలో చివరి నాలుగు అంకెలు. మామూలు వెలుగులో జేబు గుడ్డ మీద ఏమీ కనబడలేదు. నలభై ఒక్క ఉతుకులకు సిరా మిగలదు. దీపం నొక్కాడు. గుడ్డంతా సబ్బుపొడి మహిమతో తెల్లగా వెలిగింది. ఆ తెలుపు మీద, పలక మీద బొగ్గుతో రాసినట్టు, నల్లగా కనిపించింది: టి-4417.

తప్పు చెప్పిన దీపమే ఇప్పుడు ఒప్పు చెబుతోంది.

"మిస్ విల్మా, మీ నాన్నగారి కాగితాలేమైనా..."

ఆవిడ చేతిసంచి లోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. సైన్యం నుంచి విడుదల చేసిన పత్రం. సంఖ్య చివర 4417. ఆవిడకు అందులో ఏం చూడాలో తెలియదు. డ్వైట్ అటు తిరిగి ఎవరితోనో ఇనుప టోపీ అతుకు ముందుంటుందా వెనకుంటుందా అని వాదిస్తున్నాడు. ఆ హాలులో ఈ ముక్క తెలిసినవాడు మెర్విన్ ఒక్కడే. దీపం ఆర్పేస్తే ఇంకెవరికీ తెలియదు.

ఆర్పేశాడు.

ఆర్పి గద్ద కోటు వంక చూశాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి దానంతటదే ఆ కోటు భుజం మీదకు పోయింది.

దాని కథ ఇది. ఇరవై రెండేళ్ళ కిందట ఒక పొలం వేలంలో అట్టపెట్టెలో దొరికింది. చిమ్మెట కొట్టని, జిప్పు చెడని కోటు. కానీ భుజం మీద చిన్న గుండ్రని గుర్తు, కాలరు మీద తాళంచెవీ కత్తీ అడ్డంగా పెట్టిన బిళ్ళ. అంటే సరఫరా విభాగం వాడు. రొట్టెలు, సబ్బులు, మేజోళ్ళు లెక్కపెట్టి ముందుకు పంపినవాడు. అలాంటివాడి కోటు ముందు ఎవడు ఆగుతాడు? అప్పటికే మెర్విన్ దగ్గర ఒక అసలైన గద్ద గుర్తు విడిగా ఉంది. పాత గుర్తు జాడ కనబడకుండా కప్పేంత పెద్దది. ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి, బిళ్ళ ఊడదీసి, గుండ్రని గుర్తును జాగ్రత్తగా విప్పి, యుద్ధం నాటి సిపాయిల సూదీదారం సంచి లోంచి అప్పటి దారమే తీసి, గద్దను కుట్టాడు. పోగుచేసేవాళ్ళలో ఈ పనికి ఒక మర్యాద పేరుంది, పునరుద్ధరణ. చెప్పి చేస్తే తప్పు లేదంటారు. మొదటి రెండేళ్ళు మెర్విన్ అందరికీ చెప్పాడు; అప్పుడు విన్నవాళ్ళెవరూ ఇప్పుడు సంఘంలో లేరు. తర్వాత అడిగినవాళ్ళకే చెప్పాడు. తర్వాత అడగడం మానేశారు, ఆయన చెప్పడం మానేశాడు. మరో పదేళ్ళకు ఆయన కూడా నమ్మేశాడు.

పాత దారం కాబట్టి దీపం కింద చీకటిగానే ఉంటుంది. తండ్రిని తలచుకుని ఉతికిన కోటు దొంగదని మెరిసింది, దొంగ చేతితో కుట్టిన కోటు నిజమని నల్లగా ఉండిపోయింది. పైవాడి దగ్గర కూడా ఇలాంటి దీపం ఒకటి ఉంటుందా, ఉంటే అందులో ఎవరు మెరుస్తారు, ఎవరు మెరవరు అని మెర్విన్‌కు మొదటిసారి అనుమానం వచ్చింది. ప్రతి ఆదివారం కానుకల పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడిచే మనిషి ఆయన. ఇన్నాళ్ళూ పళ్ళెంలో ఎవరేం వేశారో చూశాడు గానీ, పట్టుకున్నవాడిని ఎవరైనా చూస్తున్నారా అని ఆలోచించలేదు.

"ఏరా, తేలిందా?" డ్వైట్ దగ్గరకొచ్చాడు. "గ్రంథాలయం ఆవిడ ఫోను చేస్తోంది. గద్దే అని చెప్పెయ్యనా?"

"ఆగు" అన్నాడు మెర్విన్. "క్లాయిడ్ ట్రెస్లర్ కోటు అసలుది. గుర్తూ అసలుదే, దారమూ అసలుదే. లోపల ఆయన సంఖ్య ఉంది. మెరిసింది సబ్బు."

"సబ్బా?"

"ఉతికితే మెరుస్తుంది."

డ్వైట్ ఒక అడుగు ముందుకేశాడు. "ఉతికితే మెరుస్తుందా! మా పిన్ని ప్రతి సోమవారం ఇల్లంతా ఉతికేది, కర్టెన్లతో సహా! మరి మా చిన్నాన్న చొక్కా సంగతేమిట్రా?"

"ఎక్కడుంది అది?"

"ఎక్కడుంటుంది? నువ్వు దొంగదన్నావు. మొక్కజొన్న చేలో దిష్టిబొమ్మకి తొడిగాను. ఐదేళ్ళుగా కాకుల్ని తోలుతున్నాడు మా చిన్నాన్న. యుద్ధంలో కూడా అంత కాలం పని చెయ్యలేదు!"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. డ్వైట్ నవ్వలేదు. కానీ వెంటనే సర్దుకుని, "సరే, ఆవిడది అసలుదే. అయినా బీరువాలోకి గద్దే వెళ్ళాలి. ఇది చూడు, ఎండిపోయిన వంకాయలా ఉంది. మీరేమనుకోకండి మిస్ విల్మా" అన్నాడు.

"నేనెందుకనుకుంటాను? వంకాయ లాగే ఉంది" అంది విల్మా, సూప్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని. "కానీ మా నాన్న పేరు కింద రాస్తారనుకున్నాను. ఈ ఏడు మోకాళ్ళు పట్టేశాయి, ఊరేగింపులో నడవలేను. గాజు వెనక ఉంటే ఎవరూ పట్టుకుని నడవక్కర్లేదు కదా అని."

మెర్విన్ గద్ద కోటును బొమ్మ మీంచి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది పనికిరాదు. దీని గుర్తు నేను కుట్టాను."

డ్వైట్ ఆయన వీపు తట్టాడు. "మంచి మనసురా నీది. ఆవిడ కోసం ఇంత మాట అంటావా!"

"నిజంగానే కుట్టాను. మా వంటింటి బల్ల మీద."

"ఏదీ, దీపం ఇలా తే." డ్వైట్ దీపం లాక్కుని గద్ద మీద వేశాడు. బొగ్గులా ఉంది. "చూశారా! ఒక్క పోగు మెరవలేదు. దీపం అబద్ధం చెప్పదని నువ్వే కదరా మాకు నేర్పావు!"

"ఆయన మాట వినకండి, పెద్దాయనకి మొహమాటం" అన్నారు వెనక నుంచి ఎవరో. ఇంకొకాయన అసలు సిసలు కోటని నలుగురికీ చూపించి ఫోటో తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళు మనుషుల మాట నమ్మకండి, దీపాన్ని నమ్మండి అని బోధించిన గురువుకు శిష్యులు పాఠం అప్పజెప్పేశారు. ఒక్క తప్పు కూడా పోలేదు.

మెర్విన్ సూప్ బల్ల దగ్గరకు నడిచాడు. "ఎర్లీన్, నీ చిన్న కత్తెర ఇవ్వు."

"దేనికి?"

"ఇవ్వు."

ఆవిడ ఆయన ముఖం చూసి మరో మాట అడక్కుండా ఇచ్చింది. ఆయన వచ్చి గద్ద అంచున మొదటి కుట్టు తెంపాడు.

"ఒరేయ్! పిచ్చెక్కిందా?" డ్వైట్ చెయ్యి పట్టుకోబోయాడు. మెర్విన్ వదిలించుకున్నాడు. రెండో కుట్టు, మూడోది. ఇరవై రెండేళ్ళ కిందట ఎంత ముచ్చటగా, ఎంత దగ్గరగా కుట్టాడో! విప్పడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా హాలులో ఒక్కరు కూడా దేని ధరా అడగలేదు. పెద్ద పెద్ద మనుషులు ముక్కు ఎగబీల్చుకుంటున్నారు. తమ్ముడికి ఆపరేషన్ చేస్తున్నట్టుంది వాళ్ళ వాలకం.

గద్ద ఊడి బల్ల మీద పడింది. కింద, వెలిసిన ఉన్ని మధ్య, వెలుగు తగలని చోట ముదురు రంగున ఒక గుండ్రని జాడ. చుట్టూ పాత సూది పోట్లు, వలయంగా.

దీన్ని చూడడానికి ఎవరికీ దీపం అక్కర్లేకపోయింది.

డ్వైట్ ఆ జాడ మీద వేలు ఆనించి చూశాడు. తర్వాత దీపం మెర్విన్ జేబులో పెట్టి, ఫోను తీసి గ్రంథాలయానికి చేశాడు. "రాసుకోండమ్మా. ట్రెస్లర్. క్లాయిడ్ ట్రెస్లర్. అవును, ఇక్కడివాడే. లేదు, గద్దలేమీ లేవు." ఫోను పెట్టేసి అన్నాడు, "రేపు చర్చి అవగానే మా చేలోకి వస్తావు. నీ భూతద్దం తెచ్చుకో. కాకులకి నువ్వే సంజాయిషీ చెప్పుకోవాలి."

విల్మా గిన్నె పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. తన తండ్రి కోటును ఒకసారి నిమిరి, గుండ్రని జాడ ఉన్న కోటు దగ్గరకు వచ్చింది. కాలరు తిరగేసింది. లోపల చెరిగిపోని నల్ల సిరా ఉంది. దీన్ని ఎవరూ ఉతకలేదు మరి. హెచ్-2086.

"ఇదేనా నువ్వు మా నాన్నదాంట్లో వెతికింది? అయితే ఈయనకీ పేరుంటుంది కదా. ఎవరబ్బాయ్ ఈయన?"

సైన్యపు గుడారం కొక్కెం నుంచి నీళ్ళ సీసా మూత గొలుసు దాకా దేని పుట్టుపూర్వోత్తరాలైనా చెప్పగల మెర్విన్ క్లింగర్, ఆ ఒక్క అక్షరం, నాలుగు అంకెల వంక చూస్తూ నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళు ఆ మనిషి ఆయన ఇంటి కింద నిలబడ్డాడు.

"నాకు తెలియదు" అన్నాడు.

సూప్ గుండిగ దగ్గర గరిటె కింద పడిన చప్పుడు వినిపించింది.

"మళ్ళీ అను" అంది ఎర్లీన్.